ఒమాన్ ప్రయాణం: ముందు నెల, తర్వాత ఊరు, ఆఖర్న టికెట్

బెజవాడ ఎండలు చూసినవాళ్లం, రెంటచింతల పక్కన పుట్టినవాళ్లం, ఎడారి ఎండ మనల్నేం చేస్తుందిలే అనుకుని మే నెలలో మస్కట్‌కి టికెట్లు కొనే కుటుంబాలు మన దగ్గర తక్కువేం లేవు. పిల్లలకి సెలవులు అప్పుడే మరి. పైగా అక్కడ హోటళ్లు కూడా ఆ రోజుల్లో చవగ్గా కనిపిస్తాయి. ఆ చవక ఊరికే రాలేదు. మనకి రోహిణి కార్తె పదిహేను రోజులుంటే, మస్కట్ తీరంలో అది దాదాపు మూడు నెలలు.

ఒమాన్‌ని ఒకే వాతావరణం ఉన్న దేశం అనుకోవడం దగ్గరే ప్రణాళిక తప్పుతుంది. ఒకే వారంలో మస్కట్‌లో 42 డిగ్రీలు, జెబెల్ అఖ్దర్ కొండ మీద 28, దక్షిణాన సలాలాలో తుంపర్లు పడుతూ 27 ఉండొచ్చు. కాబట్టి చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుని సెలవుల్లో ఇరికించకండి. ముందు మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుందో తేల్చుకోండి. ఆ నెలలో ఆ దేశంలో ఏ మూల బాగుంటుందో చూడండి. టికెట్ సంగతి ఆ తర్వాత.

మొదటి పని: అంకెలు సరిగ్గా చదవడం

అందరూ పగటి ఉష్ణోగ్రత చూసి ఆగిపోతారు. మస్కట్‌లో జనవరిలో పగలు 25, రాత్రి 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. మార్చిలో పగలు 30, ఏప్రిల్‌లో 35. మే, జూన్ నెలల్లో సగటే 40 చుట్టూ తిరుగుతుంది. ఇదంతా చూసి "మన ఊళ్లోనూ అంతేగా" అనిపిస్తుంది. తేడా రాత్రి అంకెలో ఉంది. జూన్, జులైల్లో తెల్లవారుజామున కూడా మస్కట్‌లో 30 దాటే ఉంటుంది. 2018 జూన్‌లో మస్కట్‌కి దక్షిణాన ఉన్న ఖురయ్యాత్ అనే తీరపట్నంలో ఒక రోజంతా కనిష్ఠమే 42.6 డిగ్రీలు నమోదైంది. రాత్రి చల్లబడితేనే ఒళ్లు తేరుకుంటుంది. అది లేకపోతే మూడో రోజుకి పెద్దవాళ్లు మంచం దిగరు.

రెండో అంకె డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో కాస్త కిందికి జరిపితే కనిపిస్తుంది. అది 20 లోపుంటే చెమట ఆరుతుంది, నీడలో నిలబడితే హాయి. 25 దాటితే మన కృష్ణా తీరపు ఉక్కపోతే. 28కి చేరితే నీడ ఉన్నా లాభం లేదు. వేసవిలో మస్కట్ తీరం చాలా రోజులు ఈ చివరి రెండు అంకెల మధ్యే ఉంటుంది. లోపలికి వెళ్తే, నిజ్వా, బిదియా వైపు, కథ తిరగబడుతుంది. గాలి ఎముకలా పొడి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టగానే ఆవిరైపోతుంది. అక్కడ దెబ్బతినేది "చెమటే పట్టలేదు, నీళ్లెందుకు" అనుకున్నవాళ్లు.

కొండల లెక్క సులువు. ప్రతి వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గించుకోండి. జెబెల్ అఖ్దర్ పైనున్న సైఖ్ పీఠభూమి ఎత్తు దాదాపు 2000 మీటర్లు కాబట్టి మైదానం కంటే 12, 13 డిగ్రీలు చల్లన. జెబెల్ షమ్స్ మూడు వేల మీటర్లు దాటుతుంది. జనవరి రాత్రుల్లో అక్కడ సున్నా కిందికి కూడా పోతుంది.

రెండో పని: మన సెలవుల్ని అక్కడి నెలలతో జత చేయడం

సంక్రాంతి సెలవులు ఒమాన్‌కి దొరికిన వరం. ఎడారి, కొండలు, వాదీలు (కొండల మధ్య వాగు లోయలు), సముద్రం, ఏదైనా చూడొచ్చు. ఒకటే చిక్కు, పండగ పూట ఇల్లు వదిలేదెవరు? కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా. కానీ రోడ్డు లెక్క చూస్తే పండగకి ముందే వెళ్లడం మేలు. మస్కట్‌కి నేరుగా వెళ్లే విమానాలు శంషాబాద్ నుంచి ఉంటాయి, మూడున్నర గంటల లోపు ప్రయాణం. భోగికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాద్ జనమంతా ఇటు వస్తుంటారు, మీరు అటు వెళ్తారు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర బారులు ఎదురు వైపు ఉంటాయి. అదే పండగ చేసుకుని ముక్కనుమ దాటాక బయల్దేరితే తిరుగు జనంలో ఇరుక్కుంటారు. అప్పుడు మామూలుగా ఐదారు గంటలు పట్టే దారికి ఎనిమిది తొమ్మిది గంటలు పెట్టుకుని కదలండి. బస్సులో వెళ్లేవాళ్లు ఊళ్లోకి పోకుండా ఎల్బీ నగర్‌లోనే దిగి విమానాశ్రయం దారి పట్టాలి.

క్రిస్మస్ సెలవులూ అంతే బాగుంటాయి, కాకపోతే యూరప్ వాళ్లు చలి తప్పించుకోవడానికి అప్పుడే వస్తారు. గదుల ధరలు ఏడాదిలోకెల్లా ఎక్కువ.

దసరా సెలవులు సగం సగం. అక్టోబరు మొదట్లో మస్కట్‌లో పగలు ఇంకా 35 పైనే. పండగ నెల చివర్లో పడిన సంవత్సరం వెళ్లొచ్చు, సెప్టెంబరు చివర్లో పడితే మస్కట్ వదిలేసి కొండల మీదే రెండు మూడు రోజులు ఉండేలా వేసుకోండి. జెబెల్ అఖ్దర్ దానిమ్మలు అప్పుడే కోతకొస్తాయి.

ఏప్రిల్ చివరి వారం, మే: కొండ ఒక్కటే. మార్చి చివరి నుంచి మే మొదటి రోజుల దాకా అక్కడ గులాబీలు పూస్తాయి, ఊళ్లో మట్టి పొయ్యిల మీద పన్నీరు తీస్తారు. ఏప్రిల్ రెండు, మూడు వారాలు దానికి మంచి సమయం. పదో తరగతి పరీక్షలు అయిపోయిన పిల్లలున్న ఇంటికి ఇది సరిపోతుంది.

జులై, ఆగస్టు: సలాలా ఒక్కటే. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి.

రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ఇప్పుడది సరిగ్గా మంచి వాతావరణంలోనే పడుతోంది. 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలై మార్చి 9 ప్రాంతంలో ముగుస్తుంది, 2028లో జనవరి చివర్లోనే మొదలవుతుంది. చంద్రుడు కనిపించేదాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. ఆ నెలలో పగటిపూట బయట తినడం, తాగడం నేరం, మంచినీళ్లు కూడా. చిన్నపిల్లలకి పట్టింపు ఉండదు గానీ నడక, ఎండ ఉన్న ప్రయాణం పెద్దవాళ్లకి కష్టమవుతుంది. రంజాన్‌లో వెళ్లొద్దని కాదు. రాత్రి బజార్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాదీ నడకలు ఆ నెలలో పెట్టుకోవద్దు.

జనవరి ప్రయాణం: ఏడు రోజుల దారి

అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. దీన్ని బట్టే రోజులు పేర్చాలి. మస్కట్‌లోని సుల్తాన్ ఖబూస్ పెద్ద మసీదులోకి ముస్లిమేతరుల్ని ఉదయం 8 నుంచి 11 దాకానే రానిస్తారు, శుక్రవారం అసలు లేదు. నిజ్వా మేకల సంత శుక్రవారం పొద్దున్నే, తొమ్మిదింటికల్లా అయిపోతుంది. అందుకని బుధవారం దిగి, గురువారం పొద్దున మసీదు, మధ్యాహ్నం 160 కిలోమీటర్లు నడిపి నిజ్వా చేరడం సరైన వరస. శుక్రవారం సంత, కోట చూసుకుని జెబెల్ అఖ్దర్ ఎక్కండి.

బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే వెనక్కి పంపేస్తారు. రోడ్డు తారుదే, బాగానే ఉంటుంది. కారణం ఎక్కడం కాదు, దిగడం. వరసగా కిందికి బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు కాగి పట్టు పోతాయి. దిగేటప్పుడు బండిని తక్కువ గేరులో పెట్టి ఇంజిన్‌నే పట్టుకోనివ్వండి.

శనివారం మధ్యాహ్నానికి దిగి బిదియా వైపు. శర్ఖియా ఇసుక ఎడారి అక్కడి నుంచి మొదలు. ఇసుకలోకి సొంతంగా దిగేవాళ్లు టైర్ల గాలి 35 నుంచి 16, 18 పీఎస్‌ఐకి తగ్గించాలి. టైరు వెడల్పుగా పరుచుకుంటేనే ఇసుక మీద తేలుతుంది. దిగబడినప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే చక్రం గొయ్యి తవ్వుకుంటుంది తప్ప బండి కదలదు. వెంటనే ఆపి, చక్రాల ముందు ఇసుక తీసి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. తారు రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపుకోవాలి. తక్కువ గాలితో 120లో వెళ్తే టైరు వేడెక్కి పేలుతుంది. ఇదంతా ఎందుకనుకుంటే ఆ రాత్రి మీరు దిగే ఎడారి క్యాంపు వాళ్లే ఊళ్లోకొచ్చి ఎక్కించుకుపోతారు, డబ్బు విడిగా తీసుకుంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లు అదే చేయడం నయం.

ఆ రాత్రి చలి మనవాళ్లు లెక్కలో వేసుకోరు. ఎడారి అంటే వేడి అని ఒక్క స్వెటరూ పెట్టుకోరు. మేఘం లేదు, గాలిలో తేమ లేదు, పొద్దుగూకగానే ఇసుకలోని వేడంతా ఆకాశంలోకి పోతుంది. లంబసింగి వెళ్లడానికి కొన్న స్వెటరు, చెవులకి మఫ్లరు ఉంటే సరిపోతుంది.

ఆదివారం వాదీ బనీ ఖాలిద్, అక్కడినుంచి సూర్. తర్వాత తీరం రోడ్డున వాదీ షాబ్, బిమ్మా గొయ్యి చూసుకుంటూ మస్కట్. వాదీ షాబ్‌లో పడవ దాటాక బండరాళ్ల మీద ముప్పావుగంట నడక, ఆపైన ఈత. ఈత రానివాళ్లు మడుగుల దగ్గరే ఆగాలి. ఆఖరి పడవ ఎన్నింటికో దాటేటప్పుడే అడగండి. జనవరిలో పొద్దు ఐదూ ముప్పావు ప్రాంతంలోనే గూకుతుంది, లోయలో చీకటి ఇంకా ముందే పడుతుంది. తాబేళ్ల కోసం రాస్ అల్ జింజ్ తీరానికి వెళ్లాలనుకుంటే జనవరిలో ఆశ పెట్టుకోవద్దు. ఏడాది పొడవునా కొన్ని వస్తాయి గానీ పెద్ద సంఖ్యలో గుడ్లు పెట్టేది మే చివరి నుంచి సెప్టెంబరు దాకా. మంచి వాతావరణం, తాబేళ్ల కాలం రెండూ కలవవు. ఒకటి వదులుకోవాల్సిందే.

వాన కురిసేది మీ నెత్తిన కాదు

మస్కట్‌కి ఏడాది మొత్తం మీద పడే వాన వంద మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మనకి ఒక్క వాయుగుండంలో పడేంత. అందులో ఎక్కువ భాగం డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు, అంటే సరిగ్గా మీరు వెళ్లే నెలల్లోనే, రెండు మూడు పూటల్లో పడిపోతుంది. కొండ బండరాయి, మట్టి లేదు, చెట్టు లేదు, చుక్క కూడా ఇంకదు. ముప్పై కిలోమీటర్ల అవతల కురిసిన వాన, నెత్తిన ఎండ కాస్తుండగానే, మీరు నిలబడ్డ వాదీలోకి గోడలా వచ్చేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నీళ్లు ఎక్కడివో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. అదే సంగతి, కాకపోతే అక్కడ రోజుల్లో కాదు, నిమిషాల్లో. అదే ఏడాది ఏప్రిల్ మధ్యలో ఒమాన్‌లో వచ్చిన వరదల్లో బడిపిల్లలు కూడా కొట్టుకుపోయారు.

కొండల మీద మేఘం కమ్మితే ఆ రోజు వాదీ వద్దు. లోపల ఉండగా నీళ్ల రంగు మట్టిగా మారినా, పుల్లలు, ఆకులు తేలుతూ వచ్చినా సామాను వదిలేసి పక్క గట్టెక్కండి. వచ్చిన దారిన పరిగెత్తకండి, నీళ్లు పరిగెత్తేది కూడా అటే. రోడ్డు మీద వాదీ పారుతుంటే బండి దింపొద్దు. అక్కడ అది ప్రాణాపాయమే కాదు, శిక్ష పడే నేరం కూడా.

జులై, ఆగస్టుల్లో సలాలా

మన పొలాలకి వాన తెచ్చే నైరుతి గాలులే అరేబియా సముద్రం మీదుగా పోతూ ఒమాన్ దక్షిణ తీరాన్ని ఒరుసుకుపోతాయి. ఆ ఒరిపిడికి లోతుల్లోని చల్లటి నీళ్లు పైకొస్తాయి. దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి సలాలా వెనకున్న దోఫార్ కొండలకి తగిలి పొగమంచుగా ఆగిపోతుంది. పైన వేడిగాలి మూతలా ఉండడంతో మేఘం పెరగలేక తుంపర మాత్రమే రాలుతుంది. దీన్నే ఖరీఫ్ అంటారు. మన ఖరీఫ్ పంట మాటా ఆ అరబ్బీ మాటా ఒకటే. జూన్ 21 నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా దాని లెక్క.

క్యాలెండర్ చూసి జూన్ చివర్లో వెళ్లకండి. తుంపర మొదలవుతుంది గానీ కొండ ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది. గడ్డి పచ్చబడేసరికి జులై మూడో వారం దాటుతుంది. ఆగస్టులో పచ్చదనం ముదురుతుంది, కానీ పొగమంచుకి పది అడుగుల అవతల ఏమీ కనబడని రోజులుంటాయి. సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో మంచు తగ్గి, పచ్చదనం మిగిలి, గల్ఫ్ దేశాల నుంచి వచ్చే కుటుంబాలూ తగ్గుతాయి. మన వినాయక చవితి చుట్టూ సెలవు పెట్టుకోగలిగితే అదే చక్కని సమయం.

ఒక మాట నిర్మొహమాటంగా: వాన చూడ్డానికి డబ్బు పెట్టి వెళ్లే చోటు ఇది. గల్ఫ్ వాళ్లకి అది అద్భుతం. అరకు, మారేడుమిల్లి వానాకాలంలో చూసినవాళ్లకి, రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు, అరటిగెలలు అమ్మే సలాలా కోనసీమలా అనిపించి, ఇంతేనా అనుకోవచ్చు. అసలు వింత చూడాలంటే కొండ దాటి ఉత్తరానికి ముప్పై నలభై కిలోమీటర్లు వెళ్లండి. ఒక మలుపులో పచ్చగడ్డి ఆగిపోయి, మరు మలుపులో ఎర్రటి ఎడారి. ఆ గీత కోసమైనా వెళ్లొచ్చు.

మస్కట్ నుంచి సలాలాకి రోడ్డున వెయ్యి కిలోమీటర్లు, విమానంలో గంటన్నర. వేసవిలో ఆ రోడ్డు పట్టొద్దు. సముద్రంలో దిగే మాటే లేదు, ఆ నెలల్లో అలలు మనిషిని లాక్కుపోతాయి. ముగ్సైల్ దగ్గర రాతి రంధ్రాల్లోంచి నీళ్లు ఎగజిమ్మేది అప్పుడే, కంచె ఇవతలే నిలబడి చూడండి.

మేలోనే తప్పనిసరైతే

అక్కడ ఉద్యోగంలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి పురిటికో వేసవిలోనే వెళ్లాల్సిన అమ్మానాన్నలు ఉంటారు. అప్పుడు రోజుని రెండు ముక్కలు చేయండి. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఏడు తర్వాత. మధ్యలో బయట పని లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట కూలిపనినే అక్కడి ప్రభుత్వం ఆపేస్తుంది, సరదా నడక ఎంత? ముత్రా బజారు లాంటివీ మధ్యాహ్నం మూసి సాయంత్రం నాలుగు తర్వాతే తెరుస్తారు.

వేసవిలో చన్నీళ్ల కుళాయి తిప్పితే సలసల కాగిన నీళ్లు వస్తాయి, డాబా మీది ట్యాంకు ఎండకి. గీజరు స్విచ్ ఆపేసి ఒక రాత్రి వదిలేస్తే లోపలి నీళ్లు ఏసీ చల్లదనానికి మామూలవుతాయి. వేడి కుళాయిలోంచి చల్లనీళ్లు, చల్ల కుళాయిలోంచి వేడినీళ్లు. పిల్లలకి స్నానం చేయించే ముందు చేత్తో చూసుకోవడం మరవొద్దు.

సామాను, నీళ్లు, మందులు

బట్టల కోసం కొత్తవి కొనక్కర్లేదు. మంగళగిరి నూలు చుడీదార్లు, పొడుగు చేతుల కాటన్ చొక్కాలు ఎడారికి బాగా సరిపోతాయి. ఒళ్లు కప్పితే ఎండ తగలదు, అక్కడి మర్యాదా నిలుస్తుంది. మసీదుకి ఆడవాళ్లు జుట్టు, మణికట్టు, చీలమండ దాకా కప్పుకోవాలి. వాదీ రోజుకి మాత్రం నూలు వద్దు, తడిస్తే బరువు. త్వరగా ఆరే బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు.

నీళ్లు శీతాకాలంలో మనిషికి రోజుకి మూడు లీటర్లు. ఎండలో నడిచే పూట గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి వస్తాయి, అది ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు పదైనా పెట్టుకోండి. అయిపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. ప్రతి కొట్లోనూ లబన్ అని దొరుకుతుంది, మన మజ్జిగే, కాస్త చిక్కన.

ఇంటి నుంచి మసాలా పొడి తీసుకెళ్లేవాళ్లు అందులో గసగసాలు లేకుండా చూసుకోవాలి. దుబాయ్, సౌదీ లాంటి చోట్ల అవి మత్తుపదార్థం కింద లెక్క, మధ్యలో విమానం మారినా పట్టుకుంటారు. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు కూడా అంతే, తప్పనిసరైతే డాక్టరు చీటీతోనే. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడే పెద్దవాళ్లు బయల్దేరే ముందే ఎండ సంగతి చెప్పి డాక్టరుని అడగాలి. ఇన్సులిన్ ఆపి ఉన్న కారులో పది నిమిషాలు కూడా వదలొద్దు.

పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. వీసా రాయల్ ఒమాన్ పోలీసుల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే వస్తుంది. కారు అద్దెకి తీసుకునేవాళ్లు ఇక్కడి రవాణా శాఖలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకోవాలి. అక్కడ బండి కుడి పక్కన నడపాలి. అలవాటయ్యేదాకా రౌండ్‌అబౌట్ల దగ్గరే తికమక.

ఎవరికైనా మాట తడబడినా, తిక్కగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, కాదులే అనుకోవద్దు. 9999కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా నీడలోకి లాగి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం చుక్క పోయొద్దు.